పుట్టిల్లు పక్క రాష్ట్రమైతే

(ఒక అధ్యయనం)

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, దమ్మపేట

మా దమ్మపేట నుండి అశ్వారావుపేట మీదుగా పోతే జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం వస్తాయి. సత్తుపల్లి మీదుగా పోతే చింతలపూడి వస్తుంది. ఏ దారిన పోయినా కాస్త దూరానికే రాష్ట్రం మారుతుంది. రోడ్డు పక్క బోర్డు చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు. బోర్డుకు అటూ ఇటూ అదే ఎర్రనేల, అవే పామాయిలు తోటలు, అవే జీడిమామిడి తోపులు. మాట యాసలో చిన్న తేడా, అంతే. ఆ తేడా కూడా మా ఇళ్లల్లో కలిసిపోయింది, ఎందుకంటే మా అమ్మల్లో, పిన్నుల్లో, వదినల్లో చాలామంది అటు నుండి వచ్చినవాళ్లే. మా ఆడపడుచుల్లో చాలామంది అటు వెళ్లినవాళ్లే.

ఈ గీత కొత్తదేమీ కాదు. నిజాం కాలంలో మా వైపు హైదరాబాదు సంస్థానం, చింతలపూడి వైపు మద్రాసు ప్రెసిడెన్సీ. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో గీత చెరిగిపోయింది. 57 సంవత్సరాల 7 నెలల తర్వాత, 2014 జూన్ 2న మళ్లీ వచ్చి కూర్చుంది. మాకు తూర్పున అడవి అవతల ఉన్న కుక్కునూరు, వేలేరుపాడుల సంగతి ఇంకా విచిత్రం. పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆ మండలాలనే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి పిల్లకూ దమ్మపేట పిల్లవాడికీ 2010లో పెళ్లయిందనుకోండి, పెళ్లినాడు ఇద్దరిదీ ఖమ్మం జిల్లాయే. ఇద్దరిలో ఎవరూ ఇల్లు మారలేదు. అయినా ఇప్పుడు వారి పుట్టిళ్లు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి.

విభజన గురించి ఉద్యోగుల పంపకం, నీళ్ల పంపకం, ఆస్తుల పంపకం అంటూ ఎంతో చర్చ జరిగింది. కోడళ్ల పుట్టిళ్ల మాట మాత్రం పెద్దగా వినబడలేదు. కాపురం సజావుగా సాగినంత కాలం ఆ అవసరమూ లేదు. భార్యాభర్తలు విడిగా ఉండవలసి వచ్చి, తల్లి బిడ్డను వెంటబెట్టుకొని బస్సెక్కిన రోజున మాత్రం అవసరం పడుతుంది. మా నాయనమ్మ తరంలో దాన్ని "పుట్టింటికి వెళ్లింది" అనేవారు. ఇప్పుడు అదే ప్రయాణాన్ని వకీలు నోటీసులో "బిడ్డను రాష్ట్రం దాటించింది" అని రాస్తున్నారు. బస్సు అదే, టిక్కెట్టులోనూ పెద్ద తేడా లేదు, మాట మాత్రం ఎంత బరువెక్కిందో చూడండి.

సైన్సు విద్యార్థికి చట్టాల గొడవ ఎందుకని లెక్చరర్లు అడగవచ్చు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఈ పరిస్థితిలో పడింది. పెద్దమ్మ వాళ్లది చింతలపూడి వైపు. అక్కను ఇచ్చింది మాత్రం మా మండలంలోనే. నాకు అక్కా కావాలి, బావా కావాలి. ఇద్దరి ఇళ్లకూ కబుర్లు మోసింది నేనే. ఆ రోజుల్లో పంచాయితీలో కూర్చున్న పది మందికీ తెలియని సంగతులు పుస్తకాల్లో వెతికాను, వకీళ్లను అడిగాను. వాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నాను. వాళ్లిద్దరూ ఎందుకు విడిపోయారన్నది ఈ వ్యాసానికి సంబంధించిన విషయం కాదు, అది వాళ్ల సొంతం.

ముందు పంచాయితీ సంగతి. మా ఊళ్లల్లో ఇటువంటివి మొదట పెద్దమనుషుల ముందుకే వస్తాయి. అక్కడ బిడ్డ విషయం రెండే మాటల్లో తేలిపోతుంది. పిల్లవాడైతే "మా వంశం", ఆడపిల్ల అయితే "తల్లి దగ్గరే ఉండనీ". చివరకు ఓ స్టాంపు కాగితం మీద రాజీపత్రం రాసి అందరి చేతా సంతకాలు పెట్టిస్తారు. బంగారం ఎన్ని కాసులు, కట్నం ఎంత తిరిగివ్వాలి అనేది చాలా వివరంగా ఉంటుంది. బిడ్డ గురించి ఒక వాక్యం ఉంటుంది, అదీ అడుగున. ఆ ఒక్క వాక్యానికి కోర్టు కట్టుబడదు అని తెలిసినవాళ్లు తక్కువ. తల్లిదండ్రులు ఏమి రాసుకున్నా సరే, బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేటప్పుడు న్యాయస్థానం బిడ్డ మేలు ఒక్కటే ప్రధానంగా చూస్తుంది. 1973లో రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు సారాంశం, బిడ్డలు తల్లిదండ్రుల చేతిలోని సొత్తు కారని. యాభై ఏళ్లు దాటినా ఆ మాట మా రచ్చబండ దాకా రాలేదు.

హిందూ కుటుంబాలకు వర్తించేది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. దాని 6వ సెక్షను ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయితే అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. "ఆయన తర్వాత" అంటే తండ్రి చనిపోయిన తర్వాతనే అని చాలాకాలం అర్థం చెప్పుకున్నారు. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ అర్థాన్ని మార్చింది. తండ్రి బతికి ఉన్నా బిడ్డ ఆలనాపాలనా పట్టించుకోని స్థితిలో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని చెప్పింది. అదే చట్టం 13వ సెక్షనుకు వస్తే వీటన్నిటికన్నా బిడ్డ సంక్షేమమే మిన్న. కాబట్టి అయిదేళ్లు నిండిన మర్నాడే బిడ్డ తండ్రి ఇంటికి వచ్చేయాలని పంచాయితీలో వాదించేవాళ్లకు చట్టంలో ఆధారం లేదు. బిడ్డ తన ఇష్టం చెప్పగల వయసుకు వస్తే ఆ ఇష్టాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షను చెబుతోంది.

ఇక్కడ మా ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. పట్నాల్లో అచ్చయ్యే పుస్తకాల్లో ఇది కనబడదు. మా చుట్టూ కోయ గూడేలు ఎన్నో ఉన్నాయి. హిందూ వివాహ చట్టం గానీ, పైన చెప్పిన 1956 చట్టం గానీ కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించవు. కోయవారి పెళ్లీ, విడిపోవడమూ వారి ఆచారం ప్రకారమే. గూడెం పెద్దల తీర్పుకు విలువ ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడే అధికారం గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టం కూడా చెప్పింది. కానీ బిడ్డ విషయం తెగకపోతే వారికి కూడా 1890 చట్టం తలుపు తెరిచే ఉంది. అది అన్ని మతాలవారికీ, తెగలవారికీ ఉమ్మడి చట్టం. గూడెంలో పుట్టిన నా క్లాస్‌మేటు ఒకడు ఈ సంగతి విని "మాకు ఏ చట్టమూ లేదనుకున్నా గదరా" అన్నాడు.

ఇక అసలు ప్రశ్న. తల్లి బిడ్డను తీసుకొని రాష్ట్రం దాటితే నేరమా? కోర్టు ఉత్తర్వు ఏదీ లేనప్పుడు కాదు. తల్లి గానీ, తండ్రి గానీ సొంత బిడ్డను వెంట తీసుకెళ్లడం సాధారణంగా కిడ్నాప్ కిందికి రాదని కోర్టులు చెబుతూ వచ్చాయి. అక్క వెళ్లిన వారం రోజులకు మా ఊళ్లో ఒకాయన "కిడ్నాపు కేసు పెడితే దెబ్బకు దిగొస్తుంది" అని బావకు ఎక్కించాడు. బావ పెట్టలేదు, అది ఆయన మంచితనం. పెట్టినా ఒరిగేదేమీ ఉండేది కాదు. పిల్లవాడు పోలీసు జీపును చూసేవాడు, అంతకు మించి లాభం లేదు.

కోర్టు ఉత్తర్వు వచ్చాక మాత్రం కథ వేరు. 1890 చట్టం కింద కోర్టు నియమించిన సంరక్షకులు ఆ కోర్టు అనుమతి లేకుండా బిడ్డను దాని పరిధి దాటించి తీసుకెళ్లరాదు. ఇది 26వ సెక్షను. కోర్టు అధికారం తప్పించే ఉద్దేశంతో అలా చేస్తే 44వ సెక్షను కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు సివిల్ జైలు. వెయ్యి రూపాయలంటే 1890లో మాట, ఇప్పుడు నవ్వొస్తుంది. ఆరు నెలల జైలు మాత్రం నవ్వులాట కాదు. ఇక్కడ పరిధి అంటే రాష్ట్రం కూడా కాదు, ఆ కోర్టు పరిధి. అనుమతి అడిగితే ఇవ్వవచ్చు. ఒక్క ప్రయాణానికీ ఇవ్వవచ్చు, ఎప్పటికీ వర్తించేటట్టూ ఇవ్వవచ్చు. కాబట్టి కేసు నడుస్తుండగా పుట్టింటికి మారదలచిన తల్లి ముందు అడగాలి, తర్వాత బస్సెక్కాలి. తండ్రి బిడ్డను తీసుకెళ్లాలన్నా ఇదే నియమం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో విషయం. బిడ్డ గురించి కేసు ఏ ఊరి కోర్టులో వేయాలి? 1890 చట్టం 9వ సెక్షను ప్రకారం బిడ్డ "సాధారణంగా నివసించే" చోటు ఏ జిల్లా కోర్టు పరిధిలో ఉంటే అక్కడ. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట ఫ్యామిలీ కోర్టులో. తల్లి ఉన్న చోటు కాదు, తండ్రి ఉన్న చోటు కాదు, పెళ్లి జరిగిన చోటు అసలే కాదు. చూడటానికి చిన్న మాట. కానీ నెల క్రితం వరకు దమ్మపేటలో ఉండి, ఇప్పుడు చింతలపూడిలో అమ్మమ్మ ఇంట్లో ఉన్న పిల్లవాడు "సాధారణంగా" ఎక్కడ నివసిస్తున్నట్టు?

మా ల్యాబులో అయితే ఇటువంటి దానికి ఒక అంకె పెట్టుకుంటాం. ఇన్ని నిమిషాలు రీడింగు కదలకుండా ఉంటే స్థిరపడినట్టు లెక్క. అమెరికావాళ్లు అలాగే చేశారు. వారి 1997 నాటి నమూనా చట్టం ప్రకారం కేసు వేయడానికి ముందు వరుసగా ఆరు నెలలు బిడ్డ ఏ రాష్ట్రంలో ఉంటే అదే దాని సొంత రాష్ట్రం. ఒక్క మసాచుసెట్స్ తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ ఆ పద్ధతి తీసుకున్నాయి. పైగా పెన్సిల్వేనియా వంటి చోట్ల, మకాం మార్చదలచినవాళ్లు రెండోవారికి 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. మన దేశంలో అటువంటి అంకె ఏదీ లేదు. ఇక్కడ "సాధారణ నివాసం" అన్నది కొంత వాస్తవం, కొంత ఉద్దేశం. న్యాయమూర్తి రెండూ చూసి తేల్చాలి.

2011లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసు దీనికి మంచి పాఠం. అమెరికా నుండి బిడ్డతో ఢిల్లీ వచ్చిన తల్లి అక్కడే ఉండిపోయింది. బలవంతం మీద ఒప్పుకున్నానని తండ్రి అన్నాడు. కానీ బిడ్డ ఢిల్లీలో ఉండి చదువుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఆయన పంపిన ఈ-మెయిళ్లు ఉన్నాయి. కోర్టు వాటిని చదివి, బిడ్డ సాధారణ నివాసం ఢిల్లీయేనని, ఆ కేసు ఢిల్లీ కోర్టు వినవచ్చునని తేల్చింది. అంటే కోపం తగ్గిన ఒక సాయంత్రం తండ్రి ఫోనులో "సరే, ఈ ఏడాదికి వాణ్ణి అక్కడే చదివించు" అని పెట్టిన రెండు వాక్యాలు రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చు. అలాగే తల్లి "నెల రోజులుండి వస్తాం" అని పెట్టిన మెసేజీ కూడా.

తెలుగువాళ్ల కేసే ఒకటుంది. పెన్సిల్వేనియాలో స్థిరపడిన తెలుగు దంపతులు. అక్కడి కోర్టులో విడాకుల వ్యవహారం నడుస్తుండగా 2017లో తల్లి ఇద్దరు పిల్లలతో హైదరాబాదు వచ్చి, పిల్లల సంరక్షణ కోసం ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పిల్లలు పుట్టి పెరిగిందీ, సాధారణంగా నివసించిందీ అమెరికాలో కాబట్టి హైదరాబాదు కోర్టుకు ఆ అధికారం లేదన్నారు. 2019 మార్చిలో సుప్రీంకోర్టు పిల్లలను అమెరికాకు తిరిగి పంపమంది. అంతకు పదేళ్ల ముందు, 2009లో, తిరుపతిలో పెళ్లి చేసుకొని అమెరికా వెళ్లిన మరో దంపతుల కేసులోనూ అలాగే జరిగింది. అందులో తల్లి పిల్లవాడిని ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి, ఒక బడి నుండి మరో బడికి మారుస్తూ వచ్చింది. చివరకు సి.బి.ఐ. వెతికి చెన్నైలో పట్టుకుంది. ఎక్కడా కుదురుగా లేని పిల్లవాడికి భారతదేశంలో వేళ్లు దిగాయని చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ తల్లి భయం ఏమిటో నాకు తెలియదు, కానీ దాక్కోవడం వల్ల ఆమె వాదం బలహీనపడిందనేది మాత్రం స్పష్టం. అన్నట్టు, బిడ్డలను దేశాలు దాటించడం మీద 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. కాబట్టి విదేశాల కేసుల్లో కూడా మన కోర్టులు బిడ్డ మేలు చూసే, ఏ కేసుకు ఆ కేసుగా తేలుస్తున్నాయి.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. దమ్మపేట–చింతలపూడి మధ్య కూడా ప్రశ్న అదే, దూరం తక్కువ, అంతే. నిజానికి దూరం తక్కువ కావడమే మనవాళ్లను మోసం చేస్తోంది. పక్క ఊరేగదా అనుకుంటారు. కోర్టు కాగితం వచ్చాక గాని అది పక్క రాష్ట్రమని తెలియదు.

ఉదాహరణకు, భర్త ఖమ్మం జిల్లాలో విడాకుల కేసు వేశాడు, భార్య ఏలూరు జిల్లాలో ఉంది. చంటిబిడ్డతో ప్రతి వాయిదాకూ రాలేదు కాబట్టి కేసును తన వైపు మార్చమని అడగాలి. ఉమ్మడి రాష్ట్రంలో అయితే హైదరాబాదులోని హైకోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షను కింద ఖమ్మం నుండి ఏలూరుకు మార్చేది. ఇప్పుడు అది రెండు రాష్ట్రాల మధ్య బదిలీ. 2019 జనవరి 1 నుండి హైకోర్టులు కూడా రెండయ్యాయి. రాష్ట్రాల మధ్య కేసు బదిలీ చేసే అధికారం 25వ సెక్షను కింద సుప్రీంకోర్టుకే ఉందని 2008లోనే తీర్పు ఉంది. అంటే చింతలపూడి నుండి ఖమ్మం రాలేనని చెప్పడానికి ఢిల్లీలో దరఖాస్తు పెట్టాలి! మా పెద్దనాన్నకు ఈ సంగతి చెప్తే "ఎడ్లబండి పోయే దూరానికి విమానం ఎక్కాలా" అన్నాడు. సుప్రీంకోర్టుకు కూడా ఈ ఇబ్బంది తెలుసు. జబల్‌పూర్‌లో భర్త వేసిన కేసును హైదరాబాదుకు మార్చమని ఒక తెలుగు మహిళ పెట్టిన దరఖాస్తు మీద 2017 మార్చిలో, వీడియో ద్వారా విచారణ జరుపుకోవచ్చునన్నది. అదే సంవత్సరం అక్టోబరులో పెద్ద బెంచి ఆ మార్గాన్ని చాలావరకు కుదించింది. 2020లో కరోనా వచ్చి కోర్టులన్నీ తెర మీదికి ఎక్కాక మళ్లీ ఆ దారి తెరుచుకుంది.

అయితే అన్ని కేసులకూ భార్య భర్త ఊరికే రావాలని లేదు. మనోవర్తి దరఖాస్తు ఆమె ఉంటున్న చోటే వేయవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం కింద ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేటు కూడా వినవచ్చు, బిడ్డ తాత్కాలిక సంరక్షణ గురించి 21వ సెక్షను కింద ఉత్తర్వు కూడా ఇవ్వవచ్చు. అత్తింటి వేధింపు మీద ఫిర్యాదు కూడా ఆశ్రయం పొందిన చోట ఇవ్వవచ్చునని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి ఎక్కడుంటే ఈ కేసులు అక్కడికి నడుస్తాయి. బిడ్డ శాశ్వత సంరక్షణ కేసు మాత్రం బిడ్డ ఎక్కడి వాడో తేలితే గాని నడవదు. ఒకే ఇంటి తగాదా రెండు రాష్ట్రాల్లో, మూడు కోర్టుల్లో నడవడానికి కారణం ఇదే.

కోర్టుల సంగతి అలా ఉంచి బడి సంగతికి వస్తాను. నా దృష్టిలో పిల్లవాడికి అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. అక్క కొడుకు రెండో తరగతి. వెళ్లింది జనవరిలో. పాత బడివాళ్లు (ప్రైవేటు బడి, పేరు అక్కర్లేదు) తండ్రి సంతకం లేనిదే టి.సి. ఇవ్వమన్నారు. బావ అలిగి సంతకం పెట్టలేదు. టి.సి. లేనిదే పేరు రాయమని అటు బడిలో అన్నారు. పిల్లవాడు ఏప్రిల్ దాకా హాజరుపట్టీలో పేరు లేకుండా చివరి బెంచీలో చుట్టపుచూపుగా కూర్చున్నాడు. పేరు పిలిచేటప్పుడు అందరూ "ప్రెజెంట్ సార్" అంటుంటే వాడు ఎదురుచూసేవాడట. తన పేరు రాకపోతే ఇంటికొచ్చి అమ్మమ్మను "నేను బడికి పోయినట్టా, పోనట్టా" అని అడిగేవాడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ఎవరికైనా తెలిసి ఉంటే ఆ నాలుగు నెలలు పోయేవి కావు. ఏ కారణం చేతనైనా, రాష్ట్రం లోపల గానీ, రాష్ట్రం బయటకు గానీ బడి మారవలసిన బిడ్డకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే హక్కు ఉంది. పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. "రాష్ట్రం బయటకు" అన్న మాట చట్టంలోనే ఉంది. తండ్రి సంతకం ఉండాలన్న మాట ఆ సెక్షనులో ఎక్కడా లేదు. టి.సి. చేతికి వచ్చినా మరొక చిక్కు ఉంటుంది. ఆన్‌లైనులో పిల్లవాడి పేరు పాత బడి జాబితాలో ఉండిపోతే కొత్త బడిలో ఎక్కదు, దాన్ని విడుదల చేయించుకోవాలి. ఆధార్ కార్డు, పుట్టిన తేదీ పత్రం, కులపత్రం, టీకాల కార్డు బయలుదేరేటప్పుడే సంచిలో ఉండాలి. మా తోటలో పామాయిలు మొక్కను ఏడాది పాటు నర్సరీ సంచిలో పెంచి, ఆ సంచి మట్టితో సహా గుంతలో దించుతాం. మట్టి రాలితే మొక్క కొన్ని నెలలు దిగులు పడుతుంది. చదివేది వృక్షశాస్త్రం కాబట్టి ఈ పోలిక వచ్చింది, క్షమించాలి.

ఇంకో సంగతి తల్లిదండ్రులు అసలు ఊహించరు, మా వయసు వాళ్లకు మాత్రం బాగా తెలుసు. అదే లోకల్, నాన్‌లోకల్. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు స్థానికత ఒకటో తరగతి నుండి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. వైద్య విద్యలో సీట్లకు ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండాలన్న నిబంధన 2024లో వచ్చింది. దాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే రెండో తరగతిలో రాష్ట్రం దాటి, ఏడో తరగతి వరకు అటే ఉండిపోయిన మా అల్లుడు తండ్రి ఊళ్లో, తండ్రి భూమి పక్కనే నిలబడి నాన్‌లోకల్ కావచ్చు. అలాగని స్థానికత కోసం తల్లికి దూరంగా ఏడేళ్ల పిల్లవాణ్ణి ఉంచమని నేననను. తెలిసి నిర్ణయించుకోవడం వేరు, ఇరవై ఏళ్లకు దరఖాస్తు నింపేటప్పుడు తెలియడం వేరు.

తండ్రి వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఆ నాలుగు నెలల్లో బావ కొడుకును రెండుసార్లే చూశాడు, అదీ బస్టాండులో, పెద్దమ్మ పక్కన కూర్చుని. గెలలు కోసే రోజుల్లో మనిషి తోట వదిలి కదలలేడు, కదిలే తీరిక దొరికిన రోజున అక్కడ బడి. చూడ్డానికి రానివాడు ప్రేమ లేనివాడని వాళ్లన్నారు. చూడనివ్వనివాళ్లు మనుషులే కారని వీళ్లన్నారు. 2020 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు, బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు ఉందని, దూరంగా ఉన్నవారికి కలుసుకునే హక్కుతో పాటు ఫోనులో, వీడియోలో మాట్లాడే హక్కు కూడా ఏర్పాటు చేయాలని చెప్పింది. దీన్ని నేను బావకు చదివి వినిపించాను. కోర్టు చెప్పింది తండ్రి హక్కు అని కాదు, బిడ్డ హక్కు అని, ఆ తేడా ఆయన వెంటనే పట్టుకున్నాడు. మర్నాడే టి.సి. మీద సంతకం పెట్టాడు.

ఇటువంటి పనికి వకీలు ఫీజు లేదని ఆగనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టులున్న చోట్ల న్యాయసేవా కమిటీలు ఉంటాయి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. రెండు వైపులా ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు. అక్కడ రాసిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది, మన స్టాంపు కాగితానికి లేనిది అదే.

రాజీ రాసేటప్పుడు బంగారం మీద పెట్టే శ్రద్ధలో సగం బిడ్డ మీద పెడితే చాలు. బిడ్డ ఏ బడిలో, ఏ తరగతి దాకా, ఎవరి దగ్గర ఉంటాడు. ఎన్ని ఆదివారాలు, ఏ ఊళ్లో, ఎవరు దించి ఎవరు తీసుకెళ్లాలి. జ్వరమొస్తే ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలి. బడి మారాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. అక్కా బావల కాగితం మూడోసారి రాసినప్పుడు "దసరా, సంక్రాంతి సెలవులు తండ్రి దగ్గర" అని ఉంది. పిల్లవాడే పట్టుకున్నాడు లోపం. ఇక్కడ దసరాకు సెలవులు ఎక్కువ, అక్కడ సంక్రాంతికి ఎక్కువ, మొదలయ్యే తేదీలు కూడా కలవవు. ఏ రాష్ట్రం సెలవులు అని వాడడిగితే పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరకు "బిడ్డ చదివే బడి ఇచ్చిన సెలవుల ప్రకారం, సెలవు మొదలైన మర్నాడు ఉదయం సత్తుపల్లి బస్టాండులో అప్పగించవలెను" అని రాశారు. రెండు రాష్ట్రాల బడి క్యాలెండర్లూ ఇప్పుడు బావ ఇంట్లో గోడకు పక్కపక్కన వేలాడుతున్నాయి.